పిల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఆసుపత్రిలో అడ్మిట్ చేసిన పిల్లుల గురించే ఎక్కువ ఉన్నాయి. దాదాపు అందరి బాధా ఒకటే. మందులు ఇస్తున్నారు, సెలైన్ ఎక్కిస్తున్నారు సరే, అది లోపల ఏమనుకుంటోందో తెలియడం లేదని. అందుకే కుక్కల ఉత్తరాలు వచ్చే నెలకి ఉంచి, ఈసారి చోటంతా పిల్లులకే ఇస్తున్నాను.

ప్రశ్న: మా బంగారి ఐదేళ్ల మగపిల్లి. మూత్రం ఆగిపోతే ఆసుపత్రిలో ట్యూబు వేసి మూడు రోజులు ఉంచాలన్నారు. సాయంత్రం చూడ్డానికి వెళ్తే లిట్టర్ ట్రేలో (దొడ్డికి వెళ్లే ట్రే) గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పిలిచినా చూడలేదు. ఇంట్లో నా గొంతు వినిపిస్తే చాలు పరిగెత్తుకొచ్చేవాడు. అక్కడి వాళ్లేమో ‘చాలా బుద్ధిమంతుడమ్మా, ఏ గొడవా చెయ్యడు’ అన్నారు. నిమిరితే హాయిగా ఉన్నప్పటిలా గుర్రుమన్నాడు కూడా. వదిలేసి వెళ్లానని నా మీద అలిగాడా? రోజూ వెళ్లమంటారా, వెళ్తే ఇంకా బెంగపెట్టుకుంటాడా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: అలగలేదమ్మా, భయపడ్డాడు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి మీకు అంత బాధ కలిగింది. కుక్కకి భయమేస్తే వణుకుతుంది, మూలుగుతుంది, మన ఒళ్లోకి ఎక్కేస్తుంది. పిల్లి స్వభావం వేరు. ఎలకలకి అది వేటగాడే, కానీ తనకంటే పెద్ద జంతువులకి తనే ఆహారం. దాని పూర్వీకులు ఒంటరిగా వేటాడి బతికాయి, ఆపదలో అరిస్తే ఆదుకోడానికి మంద ఏదీ ఉండేది కాదు. దారి ఉంటే పారిపోతుంది, లేకపోతే దాక్కుంటుంది. దాక్కునే చోటు కూడా లేకపోతే ఉన్నచోటే బిగుసుకుపోయి, అసలు తనక్కడ లేనట్టు ఉండిపోతుంది.

మీ వాడు చేసింది అదే. ఆసుపత్రి కేజ్‌కి మూడు పక్కలా స్టీలు గోడలు, ముందు ఊచలు. దాని లోపల కాస్త అంచులున్న వస్తువంటే లిట్టర్ ట్రే ఒక్కటే. అందుకని అందులో దూరాడు. పొద్దున్నే మా పశువుల ఆసుపత్రి వార్డులోకి వెళ్లగానే నేను మొదట చూసేది ఇదే, ట్రేలో ఎవరైనా కూర్చున్నారా అని. కూర్చుని ఉంటే దానికి దాక్కోడానికి మేం చోటివ్వలేదన్నమాట.

‘గొడవ చెయ్యడు’ అన్న మెచ్చుకోలు దగ్గరే నాకు పేచీ. బుసకొట్టే పిల్లి భయపడిందని అందరికీ తెలుస్తుంది, దాన్ని జాగ్రత్తగా పట్టుకుంటారు. నోరెత్తని పిల్లిని ఎవరూ పట్టించుకోరు. కళ్లు మూసుకుని ఉంటే నిద్రపోతోందనుకుంటారు. రేపు వెళ్లినప్పుడు కాస్త పక్కగా నిలబడి గమనించండి. నిజంగా నిద్రపోయే పిల్లి ఒళ్లు వదిలేస్తుంది, ఒక పక్కకి ఒరుగుతుంది, కాళ్లు చాపుతుంది. భయంతో కళ్లు మూసుకున్న పిల్లి నాలుగు పాదాలూ నేలకి ఆనించి, తోక ఒంటికి చుట్టుకుని, తల భుజాల కిందకి దించేసి ఉంటుంది. చెవులు మాత్రం ప్రతి చప్పుడుకీ తిరుగుతూనే ఉంటాయి. కళ్లు తెరిచినప్పుడు చూస్తే గదినిండా వెలుతురున్నా కనుపాప నల్లగా విచ్చుకుని ఉంటుంది. 1997లో కెస్లర్, టర్నర్ అనే పరిశోధకులు పిల్లి ఒత్తిడిని ఏడు మెట్లుగా కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించారు. పొట్ట, కాళ్లు, తోక, తల, కనుపాపలు, చెవులు, మీసాలు ఒక్కొక్కటే చూసి మెట్టు నిర్ణయించడం తప్ప అందులో వేరే పరికరమేదీ లేదు. ఆ చూపు ఇంట్లో వాళ్లకి డాక్టరుకంటే బాగా వస్తుంది, ఎందుకంటే మామూలు రోజున మీ పిల్లి ఎలా కూర్చుంటుందో మీకే తెలుసు.

గుర్రుమన్నాడన్నారు. మీ చెయ్యి గుర్తుపట్టి ఊరట చెంది ఉండొచ్చు. కానీ నొప్పితో ఉన్న పిల్లీ, ఈనుతున్న పిల్లీ కూడా గుర్రుమంటాయి, కాబట్టి ఆ చప్పుడు విని నొప్పి లేదనుకోవద్దు. మొహం చూడండి. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో పిల్లి మొహాన్ని బట్టి నొప్పి అంచనా వేసే పద్ధతి ప్రచురించారు. చెవులు పక్కలకి వాలడం, కళ్లు సగం ముడుచుకోవడం, మూతి బిగుసుకోవడం, మీసాలు నిటారుగా ముందుకి రావడం, తల కిందకి దిగడం అనే ఐదు గుర్తులు చూస్తారు. ఇవి కనిపిస్తే ‘నొప్పి మందు ఇంకోసారి చూస్తారా’ అని డాక్టరుని అడగండి. మొహమాటపడొద్దు.

మీ వాడి జబ్బుకి ఈ భయంతో నేరుగా సంబంధం ఉంది, అందుకే ఇంత రాస్తున్నాను. మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం. అది మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగే ప్రమాదం ఉంటుంది. మీరు వెంటనే తీసుకెళ్లడం వల్లే బతికాడు. అయితే చాలా పిల్లుల్లో రాయి ఉండదు, ఇన్‌ఫెక్షనూ ఉండదు. మూత్రాశయం వాచిపోతుందంతే, ఆ వాపుకి టెన్షన్ కూడా ఒక కారణం. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటి పిల్లుల్నీ, ఏ జబ్బూ లేని పిల్లుల్నీ పెట్టుకుని నెలల తరబడి గమనించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. చూసుకునే మనిషి మారినా, రోజువారీ వేళలు మారినా ఆరోగ్యంగా ఉన్న పిల్లులు కూడా తిండి మానెయ్యడం, వాంతి చేసుకోవడం, ట్రే బయట మూత్రం పొయ్యడం చేశాయి. ఆసుపత్రిలో మనిషీ వేళా రెండూ మారతాయి. కాబట్టి బంగారికి భయం తగ్గించడం కూడా వైద్యమే.

రేపు వెళ్లేటప్పుడు ఒక అట్టపెట్టె పట్టుకెళ్లండి. పక్కన గుమ్మంలా కోసి, పైకప్పు అలాగే ఉంచండి. మీ వాడి మెడకి, ట్యూబుని కొరక్కుండా వేసే కోన్ ఉంటుంది కదా, ఆ కోన్‌తో సహా దూరేంత వెడల్పు ఉండాలి, ట్యూబు అంచుకి తగలకూడదు. పెట్టేముందు అక్కడి సిస్టర్‌కి చూపించండి. 2014లో నెదర్లాండ్స్‌లో, ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు దిక్కులేని జంతువుల్ని ఉంచే ఆశ్రమానికి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నిటికి మాత్రం దాక్కునే పెట్టె ఇచ్చి చూశారు. పెట్టె దొరికినవి మిగతావాటికంటే ముందే కుదుటపడ్డాయి. పైసా ఖర్చు లేని వైద్యం ఇది. నేను వార్డులో మందుల బీరువా పక్కనే అట్టపెట్టెలు దాచి ఉంచుతాను.

పెట్టెలో మీరు కట్టి విడిచిన పాత నేతచీర ముక్క వెయ్యండి. ఉతికింది వద్దు, మీ వాసన ఉండాలి. కేజ్ ముందు సగం వరకు తువ్వాలు వేలాడదీయమనండి. ఎదురుగా కుక్కల కేజ్‌లు ఉంటే వేరే వరసలోకి మార్చగలరేమో అడగండి. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, పిల్లి అంతకి మూడు రెట్లకి పైగా వింటుంది. కుక్క అరుపు, స్టీలు ట్రే కిందపడ్డ చప్పుడు, కేజ్ గడియ టంగుమనడం దానికి ఎంత పెద్దగా వినిపిస్తాయో ఆలోచించండి.

ఇక రోజూ వెళ్లమనే చెబుతాను. రోజూ ఒకే వేళకి, వార్డులో రద్దీ లేనప్పుడు వెళ్లండి. వెళ్లగానే పైకెత్తొద్దు, మొహంలో మొహం పెట్టి పిలవొద్దు. కేజ్ పక్కన స్టూలు వేసుకుని, ఒంటిని కాస్త పక్కకి తిప్పి కూర్చుని, ఇంట్లో మాట్లాడినట్టే మెల్లిగా మాట్లాడండి. వాడే ముందుకొస్తే బుగ్గ దగ్గర నిమరండి. రాకపోతే అలాగే కాసేపు కూర్చుని రండి. మీరు వచ్చేశాక పిల్లి అరుస్తూ కేజ్ గీరుతోందని సిబ్బంది చెబితే మాత్రం మీరు వెళ్లడం తగ్గించి, బట్ట మార్చి పంపిస్తే చాలు. అలాంటి పిల్లులు కొన్ని ఉంటాయి.

ప్రశ్న: మా మున్ని ఏడేళ్ల ఆడపిల్లి, బాగా బొద్దు, ఆరున్నర కిలోలు. వాంతులని అడ్మిట్ చేశాం. రెండు రోజులుగా ఏమీ ముట్టలేదు. దానికి ప్రాణమైన నెత్తళ్ల పులుసు ఇంటి నుంచి పట్టుకెళ్లి సిరంజితో నోట్లో పోస్తే ఉమ్మేసింది, చొంగ కార్చింది. ఇప్పుడు ముక్కులోంచి ట్యూబు వేస్తామంటున్నారు. అంత హింస అవసరమా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ట్యూబుకి ఒప్పుకోండి. వీలైతే ఈరోజే.

మనిషి రెండు రోజులు ఉపవాసముంటే నీరసం తప్ప పెద్దగా ఏమీ కాదు. పిల్లి, అందులోనూ లావుగా ఉన్న పిల్లి, రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వు కరిగి కాలేయంలోకి చేరడం మొదలవుతుంది. అంత కొవ్వుని పిల్లి కాలేయం సంభాళించుకోలేదు, దాని కణాలు కొవ్వుతో నిండిపోతాయి. చెవి లోపలి చర్మం, చిగుళ్లు పసుపురంగుకి తిరుగుతాయి. అప్పటికి మొదట వచ్చిన జబ్బుకంటే ఇదే పెద్ద జబ్బవుతుంది. దీనికి అసలు మందు తిండే. మీరు హింస అనుకుంటున్న ట్యూబు చాలా సన్నం. ముక్కులో మత్తు చుక్క వేసి, పిల్లి మెలకువగా ఉండగానే పెట్టేస్తారు. తర్వాత కొద్దికొద్దిగా ద్రవాహారం పంపిస్తారు. నోరు బలవంతంగా తెరిచి సిరంజితో పొయ్యడం కంటే అది చాలా నయం.

సిరంజి గురించి ఇంకో మాట. కడుపులో వికారంగా ఉన్నప్పుడు ఏది నోట్లో పెడితే పిల్లి దాన్ని వికారంతో కలిపి గుర్తుపెట్టుకుంటుంది, కోలుకున్నాక కూడా దాని జోలికి పోదు. చొంగ కార్చిందన్నారంటే వికారం ఇంకా తగ్గలేదు. ముందు వాంతి తగ్గే మందు పనిచెయ్యాలి, ఆ తర్వాతే గిన్నె. దానికి ప్రాణమైన తిండిని ఇంటికొచ్చాక పెట్టడానికి దాచుకోండి.

పులుసైతే అసలు వద్దండి. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లికి విషం, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఉడికితే ఆ గుణం పోదు. ఉప్పూ కారమూ లేకుండా ఉడికించి ముల్లు తీసిన చేప పట్టుకెళ్లొచ్చు, అదీ డాక్టరు సరేనంటేనే. ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టు పెట్టొద్దు. పిల్లి ముందు వాసన చూసే తింటుంది, చల్లటి తిండికి వాసన రాదు. గిన్నె అడుగు వేడినీళ్లలో కాసేపు ఉంచి, మన చేతికి గోరువెచ్చగా తగిలేలా చేసి పెట్టండి. లిట్టర్ ట్రేకీ గిన్నెకీ మధ్య కేజ్‌లో ఎంత దూరం కుదిరితే అంత దూరం ఉంచమనండి. తినకపోతే గిన్నె రోజంతా అక్కడే ఉంచకుండా తీసేసి, మళ్లీ కొత్తగా పెట్టాలి.

చాలా పిల్లులు పగలు ముట్టవు, రాత్రి తింటాయి. మా దగ్గరికి ఒకసారి ఫిషింగ్ హార్బరు నుంచి కటి ఎముక విరిగిన పిల్లి వచ్చింది. బోటు మీద పెరిగినది, పేరంటూ లేదు, వాళ్లింట్లో అందరూ ‘పిల్లమ్మ’ అనేవారు. అట్టపెట్టెలోంచి ముక్కు కొస కూడా బయటపెట్టేది కాదు. పెట్టె కదిలిస్తే బుస. మా కుర్రవాడు ఆ పెట్టెని పెట్టెలాగే బయటికి తీసి, పైన మూత విప్పి, లోపలే ఇంజెక్షను చేసి, మళ్లీ పెట్టెతో సహా లోపల పెట్టేసేవాడు. పగలంతా గిన్నె నిండుగానే ఉండేది. సాయంత్రం దాని యజమాని వేట నుంచి నేరుగా వచ్చాడు, చేతుల నిండా చేపల వాసన. స్నానం చెయ్యకుండా వచ్చానని సిగ్గుపడుతుంటే, అదే మంచిదయిందని చెప్పి కేజ్ దగ్గర కూర్చోబెట్టాను. అతను ఊచల్లోంచి వేలు పెట్టి మాటా పలుకూ లేకుండా కూర్చున్నాడు. చాలాసేపటికి పెట్టె గుమ్మంలో ముక్కు కనిపించింది. వేలు వాసన చూసి, ఒకసారి నాకి, వెనక్కి పోయింది. ఆ రాత్రి లైట్లు ఆర్పి, కుక్కలన్నీ సద్దుమణిగాక గిన్నె సగం ఖాళీ అయింది. తెల్లారి చూస్తే ముందరి పాదం నాక్కుని మొహం తుడుచుకుంటోంది. భయంలో ఉన్న పిల్లి ఒళ్లు శుభ్రం చేసుకోవడం మానేస్తుంది. మళ్లీ మొదలెట్టిందంటే నాకు జ్వరం తగ్గిందన్న చీటీ చూసినంత ధైర్యం.

అందుకని మున్ని గిన్నె రాత్రికి లోపలే ఉంచమని, పొద్దున్న తూచి చూడమని వాళ్లని అడగండి. ట్యూబు ఉన్నా నోటితో తినొచ్చు, ఆ రెంటికీ పోటీ లేదు.

ప్రశ్న: మా పిల్లికి ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే షుగర్ 240 వచ్చింది. ఇక జీవితాంతం ఇన్సులిన్ వెయ్యాలా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: ఆ ఒక్క అంకెతో ఏదీ తేల్చకూడదు. పిల్లిని పట్టుకుని సూది గుచ్చే ఆ కాసేపట్లోనే భయానికి షుగర్ అంత పెరగొచ్చు, పిల్లుల్లో ఇది చాలా మామూలు. బీపీ, గుండె వేగం కూడా అలాగే పెరుగుతాయి. ఫ్రక్టోసమీన్ అనే పరీక్ష ఉంది, గడిచిన ఒకటి రెండు వారాల సగటు చెబుతుంది, ఆ క్షణం భయంతో మారదు. అది చేయించండి, మూత్రంలో చక్కెర ఉందేమో చూడమనండి. నీళ్లు ఎక్కువ తాగుతోందా, తింటూనే చిక్కిపోతోందా అన్నది మీరు గమనించి డాక్టరుకి చెప్పండి. ఈ నాలుగూ కలిసి అవునంటే అప్పుడు ఇన్సులిన్ మాట.

ప్రశ్న: మా పిల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే గోనెసంచిలో వేసి మూతి కట్టాల్సి వస్తోంది. ఆటోలో ఒకటే అరుపు. డోలో ముక్క వేస్తే మత్తుగా పడుకుంటుందని పక్కింటాయన చెప్పారు. వెయ్యొచ్చా?
– ఒక విద్యార్థి, కంచరపాలెం

జవాబు: వద్దు నాయనా, ముక్క కాదు కదా పొడి కూడా వద్దు. డోలో అంటే పారాసెటమాల్. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. చిగుళ్లు గోధుమరంగుకి తిరగడం, మొహం, పాదాలు వాయడం, ఊపిరాడకపోవడం దాని గుర్తులు. ఎవరైనా ఇప్పటికే వేసి ఉంటే గుర్తుల కోసం ఎదురుచూడకుండా మాత్ర అట్టతో సహా వెంటనే పరిగెత్తండి. దీనికి విరుగుడు ఉంది, ఎంత త్వరగా మొదలెడితే అంత మంచిది.

భయం తగ్గడానికి గాబాపెంటిన్ అనే మందు ఉంది, ప్రయాణానికి రెండు గంటల ముందు వేస్తారు. డోసు మాత్రం పిల్లి బరువు, కిడ్నీలు చూసి డాక్టరే రాయాలి. గోనెసంచి మానెయ్యండి. పైన మూత తీసే ప్లాస్టిక్ క్యారియర్ కొనండి, లేదంటే మూతకి గట్టి గడియ ఉన్న బట్టల బుట్ట అయినా చాలు. దాన్ని ఇంట్లో మంచం పక్కన ఎప్పుడూ తెరిచే ఉంచి, అప్పుడప్పుడూ అందులోనే తిండి పెట్టండి. ఆటోలో పైన తువ్వాలు కప్పి, ఊగకుండా రెండు చేతులతో ఒళ్లో పట్టుకోండి. ఎన్.ఏ.డి. జంక్షన్ దాటేదాకా హారన్ల మోత ఎలాగూ తప్పదు, కనీసం ఆ బస్సులు దానికి కనిపించకుండా ఉంటాయి. ఆసుపత్రి హాల్లో బుట్టని కింద పెట్టొద్దు, కుర్చీ మీద పెట్టండి. కుక్కలు వచ్చి మూతి పెట్టేది నేల మీదున్న బుట్టలోనే.

ప్రశ్న: రాణి, చిట్టి మా ఇంట్లో పుట్టిన అక్కచెల్లెళ్లు. ఎప్పుడూ ఒకదాని మీద ఒకటి పడుకునేవి. చిట్టికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంచి తెచ్చాం. బుట్ట తెరవగానే రాణి బుసకొట్టి మీద పడింది. చిట్టి బీరువా వెనక నుంచి రావడం లేదు. మా అత్తగారు ‘దిష్టి తగిలింది’ అంటున్నారు.
– ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: చిట్టి ఇప్పుడు రాణికి తెలిసిన చిట్టి కాదు, వాసనలో. కలిసి బతికే పిల్లులు బుగ్గలు, పక్కలు ఒకదానికొకటి రుద్దుకుని ఒక ఉమ్మడి వాసన తయారుచేసుకుంటాయి. ‘మనవాళ్లు’ అని వాటికి ముందు తెలిసేది కంటితో కాదు, దానితోనే. రెండు రాత్రుల్లో ఆ వాసన పోయి స్పిరిట్టు, ఫినాయిలు, వేరే జంతువుల వాసనలు చేరాయి. పైగా చిట్టి భయంతో ముడుచుకుని నడుస్తోంది, ఆ నడక కూడా రాణికి కొత్తే. ఇది చాలా ఇళ్లలో జరిగేదే, మీ అత్తగారికి ధైర్యం చెప్పండి. ఆవిడకి దిష్టి తియ్యాలనిపిస్తే పిల్లి దగ్గర ఎర్రనీళ్లూ పొగా లేకుండా వాకిట్లో తియ్యమనండి, పొగతో గదిలో ఇంకో కొత్త వాసన చేరుతుంది.

చిట్టికి వేరే గది ఇవ్వండి. అందులో దాని ట్రే, నీళ్లు, ఒక అట్టపెట్టె, ఇంట్లో వాడే పాత దుప్పటి ఉండాలి. వాసన పోవాలని స్నానం చేయించొద్దు, కుట్లు తడవకూడదు. ఉతకని మెత్తటి గుడ్డతో రాణి బుగ్గలు తుడిచి ఆ గుడ్డ చిట్టి పక్కన, చిట్టి బుగ్గలు తుడిచిన గుడ్డ రాణి గిన్నె దగ్గర వెయ్యండి. గుడ్డని చూసి బుసకొట్టడం మానేశాక, మూసిన తలుపుకి ఆ పక్కా ఈ పక్కా గిన్నెలు పెట్టి ఇద్దరికీ ఒకే వేళకి తిండి పెట్టండి. అదీ కుదిరాక తలుపు బెత్తెడు తెరవండి. రెంటినీ చెరో చేత్తో ఎత్తి మొహాలు ఆనించి ‘చూడు, నీ చెల్లెలే’ అని చెప్పే ప్రయత్నం మాత్రం చెయ్యొద్దు, మీ చేతులు చీరుకుపోతాయి. రాణిని కొట్టొద్దు, కేకలెయ్యొద్దు.

కొన్ని ఇళ్లలో ఇది ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది, కొన్నింట్లో వారాలు పడుతుంది. తలుపు తెరిచాక గట్టిగా కొట్టుకుంటే మళ్లీ గుడ్డల దగ్గర నుంచి మొదలుపెట్టండి. ఈలోగా చిట్టి కుట్ల దగ్గర వాపు గానీ చీము గానీ కనిపించినా, ఇరవై నాలుగు గంటలు ఏమీ తినకపోయినా ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఫోన్ చెయ్యండి. కుట్లు మానేదాకా మీరెవరైనా పక్కన ఉన్నప్పుడే రెంటినీ కలపండి, రాత్రిళ్లు వేరు గదుల్లోనే పడుకోబెట్టండి.